చేతిపని ముచ్చట్లు: మూడంగుళాలకు ఒక సూతు

ఈ నెల ముచ్చట షోలాపూర్ నుంచి వచ్చిన ఒక ఉత్తరంతో మొదలుపెడుతున్నా. రాసిన చెల్లె బీడీలు చుడుతుంది. ఇంటాయన టవాళ్ల కార్ఖానాలో సాంచలు నడుపుతాడు. కొడుకు తొమ్మిదో తరగతి. ఉత్తరంలో అసలు మాట ఇది:

"అన్నా, మా పోరనికి కార్ల పిచ్చి వట్టింది. అసలు కార్లు గాదు, అట్టముక్కల కార్లు. బడి నుంచి వస్తే బ్లేడు, గమ్ము, రంగు డబ్బాలు. ఇల్లంత వాసన. మొన్న వాళ్ల నాయినకు కోపమొచ్చి అన్నీ తీసి మోరీల పారేసిండు. పోరడు మూడు రోజులు సరిగ తినలే. ఎవరిది తప్పో నువ్వే రాయి."

తీర్పు చెప్పేంత పెద్దోణ్ని కాదు చెల్లె. కానీ ఇదే సంగతి పోయిన చలికాలం మా ఇంట్లో జరిగింది. ఆ రోజు అన్నీ సంచిలో కట్టి పారేసే పనిలో నేను కూడా ఉన్నా. అందుకని మా ఇంటి సంగతే చెప్తా. తప్పు ఎవరిదో చదివినంక మీరే చూసుకోండి.

మేముండేది భివండీలో, రెండు ఖోలీల ఇల్లు. ముందు ఖోలీలో మా అన్న, నేను, మనవడు పడుకుంటాం. మనవడికి పదిహేనేళ్లు. మా గల్లీ చివర ఫ్లెక్సులు, బోర్డులు చేసే దుకాణం ఉంది. అక్కడ కోసి పారేసే సన్‌బోర్డు ముక్కలు వీడు సంచి నిండా తెచ్చేవాడు. వాటితో చిన్న కార్లు చేసేవాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. మొబైల్ పట్టుకుని కూర్చోవడం కన్నా నయం కదా అనుకున్నా.

మొదట్లో ఒకసారి థర్మాకోల్‌తో కారు బాడీ చెక్కి, దాని మీద స్ప్రే రంగు కొట్టాడు. కొడుతుంటేనే కారు కరిగిపోయింది, ఉప్పు మీద నీళ్లు పోసినట్టు. ఆ రంగులో ఉండే థిన్నరు థర్మాకోల్‌ను తినేస్తుంది. అందరం నవ్వాం. అప్పుడే ఆలోచించాల్సింది: థర్మాకోల్‌ను కరిగించేది మన ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమైతదని. ఆలోచించలేదు.

జనవరిలో ఒక రాత్రి, చలికి తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఉన్నాయి. అందరం పడుకున్నాక వీడు మూలకు కూర్చుని, పొద్దున స్నేహితులకు చూపించాలని నల్ల స్ప్రే కొట్టాడు. పదకొండున్నరకు అన్నయ్య లేచి కూర్చున్నాడు. ఊపిరి అందడం లేదు. పెదవులు నీలంగా అయినయి. రిక్షాలో వేసుకుని దవాఖానకు ఉరికినం. రాత్రంతా గాలి పెట్టారు, మందు పొగ పట్టించారు. రెండు రోజులు అక్కడే.

లోపలి ఖోలీలో గ్యాసు పొయ్యి ఉందన్న సంగతి నాకు తెల్లారినంక గుర్తొచ్చింది. థిన్నరు ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ పోతుంది. ఆ టైములో ఎవరన్నా చాయ్ పెట్టుకుందామని పొయ్యి ముట్టించి ఉంటే ఈ నెల ఈ పేజీ వేరే వాళ్లు రాయాల్సి వచ్చేది.

కోడలు ఏమీ మాట్లాడలేదు. కార్లు, ముక్కలు, డబ్బాలు అన్నీ ఒక గోనెసంచిలో ఊడ్చింది. సంచి మూతి నేనే కట్టిన. మనవడు గోడ దిక్కు తిరిగి కూర్చున్నాడు. పొద్దున చెత్త బండి వచ్చేదాకా సంచి గుమ్మం బయట పెట్టినం. ఆ రోజు బండి రాలేదు.

అన్నయ్య దవాఖాన నుంచి వచ్చాడు. చెప్పులు విడుస్తూ ఆ సంచి చూశాడు. నల్ల కారు ముందు భాగం బయటికి కనిపిస్తోంది. గుంజి చేతిలోకి తీసుకున్నాడు. సగం రంగు పడ్డది, సగం తెల్లగా ఉంది. చాలాసేపు తిప్పి తిప్పి చూసి అడిగాడు: "ఇది మన బండేనా?"

మనవడు తల ఊపాడు.

"మీటరు ఉల్టా దిక్కు పెట్టినవ్ గదరా. డ్రైవరు దిక్కు ఉండదది. ఎడమ దిక్కు, బయట, అద్దం ముందట ఉంటది. గిరాకీ ఎక్కినంక ఇట్ల వంగి, ఎడమ కిటికీలకెల్లి చెయ్యి వెట్టి జెండా తిప్పాలె."

కూర్చున్నచోటే వంగి, చెయ్యి చాపి చూపించాడు. దగ్గు వచ్చింది, అయినా చూపించాడు. అప్పటిదాకా మాకెవ్వరికీ తెలియదు, వాడు చేస్తున్నది పెద్దతాత టాక్సీ అని.

ఇక్కడ అన్నయ్య గురించి నాలుగు మాటలు చెప్పాలి. అన్నయ్య ముంబైలో గిర్నీలో కార్డింగు ఖాతాలో పని చేశాడు. నేను సాంచా ఖాతాలో ఫిట్టరు దగ్గర చేతికింద ఉన్నా. కార్డింగులో పత్తి ధూళి ఎట్లుంటదో ఆ ఖాతా వాళ్లకు చెప్పక్కర్లేదు. సుట్టీ తర్వాత మొదటి రోజు పనికి పోతే ఛాతీ పట్టేసేది. సోమవారం జబ్బు అనేవాళ్లు. డాక్టర్లు దాన్ని బిస్సినోసిస్ అంటారు. 1982 జనవరి 18న సంపు మొదలైంది. రెండున్నర లక్షల మందిమి బయటికి వచ్చినం. ఆ తర్వాత ఏమైందో మీ అందరి ఇళ్లలో ఒక్కో కథ ఉంది. నేను భివండీ వచ్చి జాబర్ పనిలో కుదిరిన. అన్నయ్య డ్రైవింగు నేర్చుకుని టాక్సీ బ్యాడ్జి తీసుకున్నాడు. పన్నెండేళ్లు ఇంకొకరి బండి రాత్‌పాళీలో తిప్పి, 1994లో సొంతంగా ఒక పద్మిని కొన్నాడు. ఆ బండి మీదనే ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాడు. ఇరవై ఏళ్లు దాటిన టాక్సీ రోడ్డు మీద తిరగొద్దన్న నియమంతో 2014లో భంగార్‌కు ఇచ్చేశాడు. ఇచ్చిన రోజు ఇంటికి వచ్చి ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు.

ఆ బండి పేరు తెలియనివాళ్లు మనలో ఉండరు. ప్రీమియర్ పద్మిని. ముంబై కుర్లాలోని ప్రీమియర్ కార్ఖానాలో తయారైంది. ఆ కంపెనీ పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్ పుట్టింది మన షోలాపూర్‌లోనే, 1882లో. ఇటలీ ఫియట్ వాళ్ల 1100డి కారే ఇక్కడ 1964 నుంచి తయారయ్యేది. 1974 నుంచి పద్మిని అన్నారు. ఇంజను 1089 సీసీ. నల్ల ఒళ్లు, పసుపు టాపు. చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరైంది. దానికీ ఇరవై ఏళ్లు నిండినయి. 2023 అక్టోబరు 30తో ముంబై రోడ్ల మీద పద్మిని టాక్సీ అన్నది లేకుండా పోయింది. మా మనవడు దాన్ని రోడ్డు మీద సరిగ్గా చూసింది లేదు. అన్నయ్య బండి ఫొటో కూడా ఇంట్లో ఒక్కటే ఉంది: పెద్దమ్మాయి పెళ్లినాడు పూలు కట్టి, పక్క నుంచి తీసింది.

"చేస్తే సరిగ చెయ్యి. లేకుంటే ఇడిసిపెట్టు" అన్నాడు అన్నయ్య. మళ్లీ నా దిక్కు చూసి, "నువ్వు ఫిట్టర్‌వి గదా, పోరనికి కొలత నేర్పవా?" అన్నాడు. గోనెసంచి మూతి కట్టినోణ్ని నేనే. ఇప్పేసిందీ నేనే.

కొలతతోనే మొదలు

బొమ్మ కారుకూ మోడలు కారుకూ తేడా ఒక్కటే. బొమ్మ కంటికి కారులా ఉంటే చాలు. మోడలు మాత్రం ప్రతి భాగమూ ఒకే లెక్కలో తగ్గాలి. దాన్నే స్కేలు అంటారు. 1:24 అంటే అసలు కారు మోడలుకు ఇరవై నాలుగింతలు. 1:18 అంటే మోడలు కొంచెం పెద్దది. 1:43 అరచేతిలో పట్టేది. దుకాణాల్లో దొరికే చిన్న ఇనుప కార్లు ఎక్కువగా 1:64 లెక్కకు దగ్గర.

మేం 1:24 తీసుకున్నాం. కారణం నా పాత ఫిట్టరు లెక్క. మాకు అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూతు. అడుగుకు పన్నెండు అంగుళాలు. దాన్ని 24తో భాగిస్తే అర అంగుళం, అంటే నాలుగు సూతులు. అంటే అసలు కారు మీద మూడంగుళాలకు మోడలు మీద ఒక సూతు. ఇది వాడికి ఒక్కసారి చెప్పిన. కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టి, "తాతా, అంటే కారియరు ఆరంగుళాల ఎత్తుంటే రెండు సూతులే గదా" అన్నాడు. బడిలో నిష్పత్తి లెక్కలు తప్పేవాడు, ఇక్కడ తప్పలేదు.

పద్మిని పొడవు 3930 మిల్లీమీటర్లు. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా 2340. వెడల్పు 1460. 24తో భాగిస్తే పొడవు దాదాపు 164 మిల్లీమీటర్లు, చక్రాల మధ్య 97న్నర, వెడల్పు 61. ఈ మూడు సరిగ్గా ఉంటే మిగతాది దారికి వస్తుంది. వాడి పాత కారులో చక్రాల మధ్య దూరం 90 ఉంది. "ఏదో తేడా కొడుతుంది, ఏందో తెలుస్తలేదు" అని వాడు బాధపడింది దానికే.

పుస్తకాల్లో దొరకని కొలతలు ఫొటో నుంచి తీయాలి. దానికొక ఉపాయం ఉంది, పక్క నుంచి తీసిన ఫొటోకే పనికొస్తుంది. ఫొటోలో మనకు అసలు కొలత తెలిసిన వస్తువు ఒకటి పట్టుకోవాలి. పద్మిని రిమ్ము 14 అంగుళాలు. మా పెళ్లి ఫొటోలో రిమ్ము 7 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఫొటోలో ఒక మిల్లీమీటరు, అసలు బండి మీద రెండంగుళాలు. ఆ లెక్కతో కారియరు, అద్దం, తలుపు పిడి, నంబరు ప్లేటు అన్నీ తీశాడు. ఒక పాత నోట్‌బుక్కులో మూడు గీతల పట్టీ వేసి రాసుకున్నాడు: ఫొటోలో, అసలు బండి మీద, మోడలు మీద.

ఇంట్లో దొరికే సామాను

3 మిల్లీమీటర్ల సన్‌బోర్డును కారు పక్క ఆకారంలో ఇరవై ముక్కలు కోసి, రొట్టెలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి అతికిస్తే 60 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. నడిమి ముక్కల్లో లోపలి భాగం ముందే కోసేస్తే సీట్లకు జాగా. తర్వాత మూలలు పాలిష్ కాగితంతో గుండ్రంగా అరగదీయాలి. బ్లేడును ఒకేసారి గట్టిగా నొక్కి కోస్తే బోర్డు చిరుగుతుంది, వేలూ తెగుతుంది. స్టీలు స్కేలు ఆనించి మెల్లగా మూడు నాలుగు సార్లు గీయాలి.

అతుకుల సందుల్లో లప్పం. బండ్లకు పెయింటింగు చేసే వాళ్ల దగ్గర దొరికేదే. పలచగా పెట్టడం, ఆరనివ్వడం, వాటర్ పేపరుతో తడిపి రుద్దడం. మొదట 220 నంబరు, తర్వాత 400, ఆఖరుకు 800. తడిపే రుద్దాలి. పొడిగా రుద్దితే ధూళి లేస్తుంది. పత్తి ధూళి తిన్న ఇల్లు మాది, ఇంకో ధూళి వద్దు.

చక్రాలకు సైకిలు స్పోకు ఇరుసు. పాత హవాయి చెప్పు రబ్బరు టైరు. రిమ్ముకు లెక్క ప్రకారం 15 మిల్లీమీటర్ల బిళ్ల కావాలి. వాడు రెండు రోజులు వెతికాడు. ఆఖరికి మా కోడలే తెచ్చిచ్చింది: కోటు చేతుల మీద కుట్టే స్టీలు రంగు గుండీలు నాలుగు, సరిగ్గా 15. సంచిలో కార్లు ఊడ్చింది తనే కదా, ఇప్పుడు కుట్టుడబ్బా తెచ్చి ముందర పెట్టింది. లైట్లకు జాకెట్టు పనిలో వాడే గాజు రాళ్లు. కిటికీల అద్దాలకు మందుల డబ్బా మీది పలచని ప్లాస్టిక్కు. బండి పక్కన పొడుగ్గా మెరిసే స్టీలు పట్టీ ఉంటుంది చూడండి, దానికి తెల్ల జరీ పోగు. మగ్గం ఇళ్లలో దానికి కొదువ లేదు. సన్నగా గమ్ము గీసి దాని మీద పోగు పరిస్తే, బజార్లో కొన్న పట్టీ కన్నా బాగుంది.

మొత్తం ఖర్చు లెక్క రాసిపెట్టిన: బ్లేడ్లు, లప్పం, గమ్ము, కాగితాలు, రంగులు కలిపి 340 రూపాయలు. పట్టిన కాలం నాలుగు నెలలు, ఎక్కువగా ఆదివారాలు.

రంగు మాట గట్టిగా చెప్తున్నా

ఇది చదివి రేపే మొదలుపెట్టే పిల్లలు ఈ భాగం రెండుసార్లు చదవండి.

స్ప్రే డబ్బా, థిన్నరు ఇంటి లోపల వద్దు. తలుపు తీసినా వద్దు, పొయ్యి ఆర్పినా వద్దు. వాడాల్సి వస్తే పగటిపూట, మిద్దె మీద, గాలి వీపు దిక్కు నుంచి వచ్చేటట్టు నిలబడి, పెద్దవాళ్లకు చెప్పి వాడాలి. ఆరేదాకా బండి అక్కడే ఉండాలి, తడిరంగుతో లోపలికి తేవొద్దు. మూతికి కట్టుకునే గుడ్డ ధూళిని కొంత ఆపుతుంది గానీ ఆ ఆవిరిని ఆపదు. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉంటే స్ప్రే జోలికే పోవద్దు.

మేం అసలుకే మానేశాం. స్టేషనరీ దుకాణంలో దొరికే నీళ్ల ఆక్రిలిక్ రంగు, మెత్తటి కుంచె. మందంగా ఒక్కసారి వేస్తే కుంచె గీతలు పడతాయి. పలచగా నాలుగు కోట్లు వేసి, కోటు కోటుకూ ఆరనిచ్చి, నడుమ తడి కాగితంతో మెల్లగా రుద్దితే స్ప్రే రంగుకు దగ్గరగానే వస్తుంది. ఒక తప్పు చేశాం, మీరు చెయ్యకండి: నల్లరంగు ముందు వేసి, టాపు మీద పసుపు తర్వాత వేశాం. మూడు కోట్లు వేసినా పసుపు మురికిగానే కనిపించింది. అంతా రుద్దేసి మళ్లీ చేశాం. ఎప్పుడైనా లేతరంగు ముందు, దాని మీద టేపు అతికించి ముదురురంగు తర్వాత.

సొట్ట

ఏప్రిల్‌లో బాడీ తయారైంది. అద్దంలా ఉంది. మనవడు వేళ్ల ముద్ర కూడా పడనివ్వడం లేదు. అన్నయ్యకు చూపిస్తే అటూ ఇటూ తిప్పి, వెనక ఎడమ మడ్‌గార్డు మీద వేలు పెట్టి అన్నాడు: "ఈడ సొట్ట ఉండాలె."

వాడి ముఖం మాడిపోయింది. వారం రోజులు రుద్దింది ఆ చోటే. "పెద్దతాతా, బాగున్నదాన్ని ఎందుకు ఖరాబు చేసుడు?"

అప్పుడు చెప్పాడు అన్నయ్య. 2005 జులై 26. ముంబైలో ఆ ఒక్కరోజు శాంతాక్రూజ్ దగ్గర 944 మిల్లీమీటర్ల వాన పడ్డది, గుర్తుంది కదా. ఒక ముసలామెను, ఆమె మనవరాలిని ఎక్కించుకుని పోతుంటే కుర్లా దగ్గర బండి నీళ్లలో ఆగింది. నీళ్లు సీటు దాకా వచ్చినయి. ఇద్దరినీ ఎత్తి బండి టాపు మీద కూర్చోబెట్టి, తను కారియరు పట్టుకుని నిలబడ్డాడు. చీకట్లో నీళ్లలో కొట్టుకొచ్చిన చేతిబండి ఒకటి వచ్చి వెనక గుద్దింది. ఆ సొట్ట అది. తెల్లారి నీళ్లు తగ్గినంక వాళ్లను ఇంట్లో దింపి వచ్చాడు.

ఆ మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చి మాతో అన్నది మాత్రం "బండి బందైంది, రిపేరు ఉన్నది" అని. ఇరవై ఏళ్లుగా మాకు తెలిసింది అంతే. ఆ సొట్ట ఎందుకు తీయించలేదని వదిన ఎన్నిసార్లు పోరిందో, పైసలు లేవనేవాడు.

మనవడు మాట్లాడకుండా చెంచా వెనక భాగం వేడి చేసి, ఆ చోట మెల్లగా ఒత్తాడు. సన్‌బోర్డు ప్లాస్టిక్కే కదా, లోపలికి పోయింది. మళ్లీ నలుపు వేశాడు.

మోడళ్లు చేసేవాళ్లు దీన్ని కస్టమైజింగు అంటారు. చాలామంది అనుకునేది, మెరిసే రంగు, వెడల్పు చక్రాలు, మంటల బొమ్మలు అని. అదీ ఒక రకమే, పిల్లలకు అది ఇష్టం. కానీ కంపెనీ ఒకే తీరు చేసిన వేల బండ్లలో ఒకదాన్ని మనదిగా గుర్తుపట్టేటట్టు చేయడం కూడా అదే పని. అన్నయ్య టాక్సీకి సొట్ట, అద్దం దగ్గర చిన్న గణపతి, వెనక సీటు మీద పూల గుడ్డ. పాత జాకెట్టు ముక్కతో కోడలు కుట్టిచ్చింది.

అందరూ మొదటి నుంచి చెక్కక్కర్లేదు

ఇంత ఓపిక లేనివాళ్లకు, చిన్నపిల్లలకు వేరే దారి ఉంది. దుకాణంలో రెండు వందల రూపాయల అటూ ఇటూగా దొరికే చిన్న ఇనుప కారు తీసుకుని రంగు మార్చడం, నంబరు ప్లేటు పెట్టడం, కారియరు కట్టడం. అడుగున మరలుంటే విప్పొచ్చు. రివిట్లు ఉంటే డ్రిల్లు కావాలి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ముక్కలుగా వచ్చే బయటిదేశం ప్లాస్టిక్ కిట్లు కూడా ఉంటాయి. చాలా బాగుంటాయి, కానీ కిట్టు, రంగులు, గమ్ము కలిపి వేలల్లోకి పోతుంది. బోనసు వచ్చిందని తొందరపడి కొనకండి. ముందు అట్టముక్కతో ఒక కారు పూర్తి చేయమనండి. సగంలో వదిలేయకుండా పూర్తిచేస్తే అప్పుడు చూద్దాం.

ఈ పని పిల్లల పనికిమాలిన ఆట అనేవాళ్లకు రెండు సంగతులు. ఇంగ్లండులో జాక్ ఓడెల్ అనే అచ్చుల పనివాడి కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తేవాలని నియమం. ఆయన కూతురి కోసం అగ్గిపెట్టెలో పట్టేంత రోడ్డు రోలరు చేశాడు. 1953లో వచ్చిన మ్యాచ్‌బాక్స్ కార్లకు మూలం అదే. ఇక అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు 1930 నుంచి 1968 దాకా ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అని మగపిల్లలకు పోటీ నడిపారు. మొదట్లో రాజుల కాలం గుర్రపు బండి నమూనా చేయాలి, తర్వాత తమ ఊహతో కారు నమూనా. గెలిచినవాళ్లకు కాలేజీ చదువుకు డబ్బు. ఆ పిల్లల్లో కొందరు పెద్దయ్యాక కార్ల కంపెనీల్లో డిజైనర్లయ్యారు. ఈ కాలంలో కూడా కొత్త కారు రోడ్డు మీదికి రాకముందు కంపెనీలు దాన్ని మట్టితో నిలువెత్తున చేసి చూసుకుంటాయి.

అయినా దీంతో ఉద్యోగం వస్తుందని మీ పిల్లలకు ఆశ పెట్టకండి. మా వాడికి లెక్కల్లో నలభై ఒకటి వచ్చేవి, ఇప్పుడు యాభై రెండు. అంతే. పరీక్షలకు నెల ముందు కార్ల డబ్బా నా దగ్గర ఉంటుందని ఒప్పందం చేసుకున్నాం. ఐటీఐలో టూల్ అండ్ డై నేర్చుకుంటా అంటున్నాడు. పోతే మంచిదే. పోకపోయినా చేతికి కొలత వచ్చింది, ఒక పని మొదలుపెడితే నాలుగు నెలలు పట్టి పూర్తిచేసే ఓర్పు వచ్చింది. సాంచ నడిపే ఇంట్లో వాటి విలువ తెలియనివాళ్లు ఉండరు.

చెల్లె, ఇక నీ ఉత్తరం సంగతి. ఇంట్లో రంగు వాసన మీద ఆయనకు వచ్చిన కోపం తప్పు కాదు. ఆ కోపం నిజంగా మీ ప్రాణాలకు సంబంధించింది. కానీ మోరీలో వేయాల్సింది స్ప్రే డబ్బాలను కాదు, కార్లను అసలే కాదు. డబ్బాలు మిద్దె మీదికి పోవాలి, కార్లు బల్ల మీద ఉండాలి. కొడుకుకు ఒక బల్ల మూల, వారానికి ఒక పూట, నెలకు ఇంతని పైసలు చెప్పు. అంతకు దాటొద్దని చెప్పు. మీ ఇంటాయనను ఒక్క పని చేయమను. ఆయన సాంచ మీద రోజూ చేతితో కొలిచేది, సరిచేసేది ఏముందో అది పోరనికి చూపించమను. ఆయనకు తెలిసింది తక్కువేం కాదు. పోరడు ఏ కారు చేస్తున్నాడో కూడా ఒకసారి అడగమను. నేను అడగలేదు, దవాఖాన దాకా పోయినంక తెలిసింది.

టాక్సీ ఇప్పుడు మా టీవీ పక్కన గాజు డబ్బాలో ఉంది. అన్నయ్యకు ఆయాసం తగ్గలేదు, మందులు నడుస్తున్నాయి. ఇంటికి ఎవరొచ్చినా డబ్బా దించి, మీటరు ఏ దిక్కు ఉండేదో చూపిస్తాడు. సొట్ట సంగతి అడిగితేనే చెప్తాడు.

మనవడు ఇప్పుడు నా వెంట పడ్డాడు. "తాతా, నువ్వు నడిపిన సాంచ చేద్దాం. కొలతలు చెప్పు." కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. మీ ఇళ్లలో పాత గిర్నీ సాంచ పక్క నుంచి తీసిన ఫొటో ఉంటే, దాని పక్కన నిలబడ్డ మనిషి ఎత్తు ఎంతో రాసి, ఫొటో నకలు పత్రిక ఆఫీసుకు పంపండి. మనిషి ఎత్తు తెలిస్తే సాంచ కొలత మేం తీసుకుంటాం. అసలు ఫొటో పంపకండి, అది మీ దగ్గరే ఉండాలి.